మా వారి ఆరోగ్యం, మీ ఆర్డర్లు: మంగళగిరి నుంచి ఒక విన్నపం

మా దుకాణంలో చీరలు కొనే వారికి, తెనాలి, నెల్లూరు, హైదరాబాదు, బెంగళూరుల నుంచి ఫోనులో తెప్పించుకునే వారికి, మా దగ్గర సరుకు తీసుకొని ఇంటి దగ్గర అమ్ముకునే అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఈ శ్రావణమాసంలో మీలో చాలామందికి చీరలు ఆలస్యంగా అందాయి, కొందరికి ఇప్పటికీ అందలేదు, ఫోను చేసిన వారికి ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది. ఆషాఢం చివరి వారంలో మా వారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, తన చేత్తో తానే అన్నం తింటున్నారు. అయితే కొత్తగా విన్నదీ చూసినదీ ఆయన మనసులో నిలవడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ దుకాణం లెక్కలు కాగితం మీద కన్నా ఆయన జ్ఞాపకంలోనే ఎక్కువగా నడిచాయి కాబట్టి, ఆయన ఆరోగ్యం సంగతినీ మీ ఆర్డర్ల సంగతినీ విడదీసి చెప్పడం కుదరదు.

ఈ విషయాలు బయటికి చెప్పడానికి ముందు ఆయన అనుమతి తీసుకున్నాను. ఒకసారి ఒప్పుకొని మరిచిపోయి ఉండవచ్చునని వేర్వేరు రోజుల్లో మళ్లీ అడిగాను. ప్రతిసారీ, మొదటిసారి అడిగినట్టే కాసేపు ఆలోచించి, "చెప్పాల్సిందే, వాళ్ల డబ్బు మన దగ్గరుంది" అన్నారు.

ఆ రోజు తెల్లవారుజామున లేచి చొక్కా వేసుకోబోతే కుడిచేతి వేళ్లకు గుండీ పట్టు దొరకలేదు. మూతి కుడివైపు కొద్దిగా జారింది, మాట ముద్దగా వచ్చింది. 108కి ఫోను చేసి గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాం. మెదడులో ఎడమవైపు, బాగా లోపలగా ఉండే థాలమస్ అనే భాగానికి రక్తం తీసుకుపోయే సన్నని నాళం ఒకటి మూసుకుపోయిందని స్కానింగులో తేలింది. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. నిద్రలో వచ్చినప్పుడు ఆ క్షణం ఎవరికీ తెలియదు కనుక, మనిషి బాగా ఉండగా చివరిసారి చూసిన వేళ నుంచి లెక్క వేస్తారు. రాత్రి భోంచేసి మామూలుగా పడుకున్న మనిషికి తెల్లవారేసరికి ఆ గడువు దాటిపోయింది. పెద్ద నాళం మూసుకుంటే సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి తీసే చికిత్స ఉందనీ, కొందరికి దాన్ని 24 గంటల వరకూ చేయగలరనీ, మా వారిది చిన్న నాళం కనుక అది పనికిరాదనీ వైద్యులు వివరించారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, రక్తపోటుకు మాత్రలు, కొలెస్టరాలుకు మాత్రలు, వ్యాయామం, ఇవే ఇప్పుడు ఆయన చికిత్స. మీ ఇళ్లలో ఎవరికైనా మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే స్కానింగు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మింగే శక్తి ఎలా ఉందో అక్కడ పరీక్షించేదాకా నోట్లో నీళ్లు గానీ మాత్ర గానీ వేయకండి. ఇది చీరల ఆర్డర్లకు సంబంధం లేని మాటే అయినా, మా ఇంట్లో ఇంత జరిగాక మీకు చెప్పకుండా ఉండలేను.

ఇక మరుపు సంగతి. ఆయన అన్నీ మరిచిపోయారన్న మాట ఊళ్లో తిరుగుతోంది, అది నిజం కాదు. మా పెళ్లి, పిల్లల చదువులు, ఏ నేతగాడి ఇంట్లో ఏ మగ్గం మీద ఏ పడుగు (నిలువు పోగులు) వేయించారో, పదేళ్ల కిందట నెల్లూరు అక్కగారు కూతురి ఓణీల వేడుకకు తీసుకున్న వంకాయ రంగు చీరకు చిలకపచ్చ అంచు పెట్టించిన సంగతీ చక్కగా చెబుతారు. ఉదయం పదింటికి వచ్చి వెళ్లిన మనిషిని మాత్రం పదకొండింటికి అడిగితే ఎవరూ రాలేదంటారు. పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతాయి. ఎడమ థాలమస్ దెబ్బతిన్నవారిలో ఇలా మాటలతో ముడిపడిన కొత్త జ్ఞాపకాలు నిలవకపోవడం, చొరవ తగ్గడం, పగలు కూడా నిద్ర ముంచుకురావడం ఉంటాయని న్యూరాలజిస్టు చెప్పారు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా సాగుతుందనీ, ఆ తరువాత కూడా మెల్లగా కొనసాగుతుందనీ, ఎంతవరకు తిరిగి వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరనీ అన్నారు. మేము ఇంకా ఆ మొదటి మూడు నెలల లోపలే ఉన్నాం.

ఫోనులో మీకు వేర్వేరు జవాబులు రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి రోజుల్లో, అలవాటు కొద్దీ, మోగిన ఫోను ఆయనే ఎత్తేవారు. "మా చీర పంపారా?" అని మీరు అడిగితే, "నిన్ననే పంపించాను, రేపటికి వచ్చేస్తుంది" అని నమ్మకంగా చెప్పేవారు. అది అబద్ధం కాదు. నిన్న ఏం జరిగిందో తెలియని చోట మెదడు తన పాత అలవాటులోంచి ఒక జవాబు అల్లి పెడుతుంది. చెప్పే మనిషికి అది తాను కళ్లారా చూసిన నిజంలాగే ఉంటుంది. ఇలా జరగడం ఈ జబ్బులో ఉన్నదేనని వైద్యులు చెప్పారు. మాట తప్పని మనిషి అని ఈ బజారులో పేరున్న ఆయనను ఎవరో ఒకరు మోసగాడని అనుకొని ఉంటారేమోనన్న బాధ నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. ఇప్పుడు దుకాణం ఫోను నా దగ్గరే ఉంటోంది.

చూడటానికి వచ్చేవారికి నేను చేతులెత్తి చేసే మనవి ఒకటే: దయచేసి ఆయనకు పరీక్ష పెట్టకండి. గుమ్మంలో అడుగుపెడుతూనే "బాబాయ్, నేనెవరో చెప్పు చూద్దాం" అని అడిగేవారందరూ ప్రేమతోనే అడుగుతారని నాకు తెలుసు. ఆ ప్రశ్న వినగానే ఆయన ముఖంలో ముందు నవ్వు వస్తుంది, తరువాత కళ్లు నా వైపు తిరుగుతాయి, ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు నలుపుకుంటూ కూర్చుండిపోతారు. ఆ తరువాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడరు. జవాబు కోసం ఎంత సతాయించినా జ్ఞాపకం బలపడదు. పైగా తోచిన తప్పు పేరు ఒకసారి నోటితో అంటే ఆ తప్పే పాతుకుపోయే అవకాశం ఉందని థెరపిస్టు చెప్పారు. కాబట్టి, "నేను తెనాలి నుంచి వచ్చాను, కిందటి సంక్రాంతికి మా కోడలికి పసుపు చీర మీ దగ్గరే తీసుకున్నాం" అని మీరే ముందు చెప్పండి. అంతటితో ఆయనకు దారి దొరుకుతుంది. ఆ పసుపు కుంకుమపువ్వు ఛాయలోదా నిమ్మపండు ఛాయలోదా అని ఎదురు ప్రశ్న కూడా వేయవచ్చు. ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి, టీవీ గానీ ఫోను గానీ పక్కన మోగనివ్వకండి, పావుగంటకు మించి కూర్చోకండి. ఆయన ఎదుటే నాతో "పాపం, ఎలాంటి మనిషి ఎలా అయిపోయారు" అనకండి. ఆయనకు అన్నీ అర్థమవుతాయి.

ఇంట్లో మేము చేస్తున్నదాన్ని కూడా చెబుతాను, ఇలాంటి ఇల్లు మీలో మరొకటి ఉంటే ఉపయోగపడుతుంది. దుకాణంలో వాడే పొడవాటి చిట్టా పుస్తకం ఒకటి ఆయన కోసమే పెట్టాం. రోజూ పొద్దున తేదీ, వారం, ఎవరు వస్తారు, ఏ పని ఉంది అన్నవి ఆయన చేత్తోనే రాస్తారు; కుడిచేయి ఇంకా బిగుసుకుంటోంది కనుక అక్షరాలు పెద్దవిగా, వంకరగా పడతాయి, అయినా నేను రాసిపెట్టను. రాసిన పని పూర్తయ్యాక దాని పక్కన టిక్కు పెడతారు. స్నానం చేశానా, మాత్ర వేసుకున్నానా అన్న అనుమానం వచ్చినప్పుడు నన్ను అడగకుండా పుస్తకం తెరవడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. కళ్లజోడుకు ఒకే చోటు, తాళాలకు ఒకే మేకు. మాత్రలకు వారం రోజుల గళ్ల డబ్బా. కొత్త విషయం ఏదైనా నేర్పాలంటే నేనే చెప్పి, వెంటనే తిరిగి చెప్పించి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చెప్పించి, ఆ వ్యవధిని మెల్లగా పెంచుతాం. మా మనవరాలి పేరు అలాగే నిలబడింది.

నూలు మాత్రం ఆయనను వదలలేదు. చేతులు నేర్చిన పని మెదడులో వేరే దారిలో భద్రమై ఉంటుందట. మొన్న ఒక నేతగాడు తెచ్చిన చీరను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఒక్కసారి రుద్ది, "పేక 80 కాదు, ముతక కలిసింది" అన్నారు. పేక అంటే అడ్డపోగు, 80 అంటే నూలు సన్నదనాన్ని చెప్పే నంబరు. పేక నూలు చుట్టిన కండెలు విప్పి చూస్తే అది నిజమే. కుడిచేతికి స్పర్శ ఇంకా సరిగా తెలియడం లేదు కాబట్టి ఎడమచేత్తో చూశారు; అలా చూడమని ఆయనకు ఎవరూ నేర్పలేదు. సంప్రదాయ మంగళగిరి చీరకు ఒంటి మీద పూలూ బుటాలూ ఉండవు, దాని అందమంతా నేత బిగువులోనూ నిజాం అని పిలిచే జరీ అంచులోనూ ఉంటుంది గనుక ఆ వేళ్ల తీర్పు ఈ వ్యాపారానికి ప్రాణం. థెరపిస్టు సలహా మీద ఇప్పుడు రోజూ కాసేపు గుంట మగ్గం దగ్గర కూర్చొని పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతుకుతున్నారు. కుడి వేళ్లు మొరాయిస్తాయి, పోగు జారిపోతుంది, మళ్లీ పట్టుకుంటారు. ఆ సమయంలో ఆయనకు విసుగు రాదు.

మిగతా సమయాల్లో విసుగు వస్తుంది, ఒక్కోసారి కారణం లేకుండా కన్నీళ్లు వస్తాయి. స్ట్రోకు తరువాత మనసు కుంగిపోవడం చాలామందిలో ఉంటుందనీ, దానికి కూడా మందు ఉందనీ వైద్యులు చెప్పారు, దాన్నీ గమనిస్తున్నారు. పావురం రక్తం మర్దన చేయమని, ఫలానా ఊళ్లో ఆకు పసరు పోయించి ఇంగ్లీషు మందులు మానేయమని చెప్పేవారి మంచి మనసుకు దండం పెడతాను గానీ, ఆ సలహా ఇక మాకు ఇవ్వకండి. మాత్రలు ఆపితే రెండో స్ట్రోకు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ ప్రమాదంలోకి ఆయనను నేను తీసుకువెళ్లను. మా ఆడపడుచు వచ్చి మాతో ఉంటోంది కాబట్టి నాకు రాత్రి నిద్ర దొరుకుతోంది, దుకాణం తెరవగలుగుతున్నాను.

ఇప్పుడు మీ ఆర్డర్లు. ఫోనులో మాటగా కుదిరినవి చాలావరకు ఎక్కడా రాసి లేవు. డబ్బు జమైన వివరాలు బ్యాంకు ఖాతాలో ఉన్నాయి గానీ, ఆ డబ్బు ఏ రంగుకు, ఏ అంచుకు అన్నది ఆయనకే తెలిసిన విషయం. కాబట్టి ఆషాఢానికి ముందు డబ్బు పంపిన ప్రతి ఒక్కరూ మీ పేరు, పంపిన తేదీ, మొత్తం, అడిగిన చీర వివరం దుకాణం వాట్సాప్ నంబరుకు రాసి పంపండి. డబ్బు పంపిన ఆధారం దొరకకపోతే ఆ సంగతి కూడా రాయండి, ఖాతాలో నేను వెతుకుతాను. దసరా లోపు చీర ఇవ్వగలనో లేదో మీకు రాతపూర్వకంగా చెబుతాను; ఇవ్వలేనిదానికి డబ్బు పూర్తిగా వెనక్కి పంపుతాను. మీకు చీర కన్నా డబ్బే కావాలంటే అదీ మీ ఇష్టం, మొహమాటపడకండి. ఆసుపత్రి ఖర్చులకు మీ అడ్వాన్సులు వాడలేదు.

ప్రత్యేకంగా రంగు కలిపి నేయించే ఆర్డర్లు దీపావళి దాటేదాకా తీసుకోను. రంగు సరిపోల్చే పని ఆయనది, నాకు ఆ కన్ను లేదు, ఒకసారి పడుగు వేశాక రంగు తేడా వస్తే నష్టపోయేది నేతగాడు. సిద్ధంగా ఉన్న చీరలు, డ్రెస్సు బట్టలు, జాకెట్టు ముక్కలు మాత్రం అమ్ముతాను. నేతగాళ్ల కూలి ఎప్పటిలాగే శనివారం ఇస్తున్నాను, మా మీద ఆధారపడిన మగ్గమేదీ ఆగలేదు. మా పరిస్థితి చూసి కొందరు ధరకు మించి డబ్బు పంపారు. వారి అభిమానానికి కృతజ్ఞతలు చెబుతూ ఆ అదనపు మొత్తం తిరిగి పంపించాను. అవసరమైన చీర సరైన ధరకు కొనండి, అదే మాకు సాయం.

ఉదయం ఫిజియోథెరపీ ఉంటుంది కనుక దుకాణం 11 గంటలకు తెరుస్తాను. మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు మూసి ఉంటుంది, అది ఆయన పడుకునే సమయం. సాయంత్రం 7 వరకు ఉంటాను. ఆదివారం సెలవు. సాయంత్రం వేళ వస్తే ఆయన గల్లా పక్కన కుర్చీలో కూర్చొని ఉంటారు, బిల్లు మాత్రం నా దగ్గరే రాయించుకోండి. వచ్చినప్పుడు మీ పేరూ ఊరూ చెప్పి, చీర ఆయన చేతికిచ్చి నేత ఎలా ఉందో అడగండి.