ఇల్లు మారితే కుండీలు చెత్త ఆటోకేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

జూన్ 12న బళ్లు తెరిచేలోగా కొత్త ఇంట్లో దిగిపోవాలని అందరూ తొందరపడతారు. ఆ రోజుల్లో మా నల్లగొండలో ఏ గల్లీలో చూసినా సామాను ఎక్కిస్తున్న డీసీఎం వ్యాన్ కనిపిస్తుంది. అది వెళ్లిపోయాక గేటు పక్కన కుండీలు మిగులుతాయి. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, అరెకా పామ్, ఒక్కోసారి తులసి కూడా. ఇంట్లో నీడపట్టున పెరిగిన మొక్కలు రోళ్లు పగిలే రోహిణి ఎండకు ఎట్లా తట్టుకుంటాయి? రెండు మూడు రోజుల్లోనే ఆకులు మాడిపోతాయి. ఆ తర్వాత చెత్త ఆటో వచ్చి కుండీతో సహా ఎత్తుకుపోతుంది.

వదిలి వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను. సామాను తరలించేవాళ్లు చాలామంది మొక్కలకు పూచీ లేదని ముందే చెప్పేస్తారు. కొత్త ఇంటి ఓనరేమో కుండీలు పెడితే గోడలకు చెమ్మ వస్తుందంటాడు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతిలో పట్టుకుని పిల్లల టీసీల కోసం తిరిగే టెన్షన్‌లో ఎవరైనా ఏం చేస్తారు? ఇచ్చిపోవడానికి ఒక చోటుంటే సంతోషంగా ఇచ్చిపోతారు. ఆ చోటే మన పట్టణాల్లో లేదు.

ఇది మున్సిపాలిటీ చేయగలిగిన పనే. 2015లో హరితహారం మొదలుపెట్టాక నర్సరీలు పెంచారు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి ఖర్చు పెట్టాలని 2019 మున్సిపల్ చట్టంలోనే ఉంది. 2018లో మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి, మందు ఎక్కించి బతికించుకున్నాం. నర్సరీలో ఒక మూలన షేడ్ నెట్ కట్టి, మే, జూన్ నెలల్లో ఇంటి మొక్కలు తీసుకోవడం అంతకన్నా కష్టమా?

అయితే తీసుకునేటప్పుడు జాగ్రత్త ఉండాలి. కుండీ రాగానే నర్సరీ మొక్కల మధ్య పెట్టకూడదు. ఆకు కాండానికి అతుక్కునే చోట పిండినల్లి అనే పురుగు తెల్లగా, దూది పింజల్లాగా దాక్కుని ఉంటుంది. ఒక్క కుండీ నుంచి నర్సరీ అంతా పాకుతుంది. అందుకే కనీసం రెండు వారాలు విడిగా ఉంచి, ఆకుల అడుగున కూడా తుడిచి, తర్వాతే ఆఫీసులకు, దవాఖానాలకు, బడులకు ఇవ్వాలి. అంగన్‌వాడీలకు మాత్రం మనీప్లాంట్, డైఫెన్‌బాకియా వద్దు. చిన్నపిల్లలు ఆకు నమిలితే నోరు మండి వాచిపోతుంది.

మొక్కలు వెంట తీసుకెళ్లేవాళ్లకూ రెండు మాటలు. బయల్దేరడానికి రెండు రోజుల ముందు నీళ్లు ఆపితే కుండీ తేలికవుతుంది, మట్టి కారదు. పాత చీరతో ఆకులు దగ్గరికి చుట్టి, తెల్లవారకముందే బండి కదిలేట్టు చూసుకోవాలి. తలుపులు మూసిన బండిలో మధ్యాహ్నం దాకా ఉంటే ఉడికిపోతాయి, టాప్ లేని ట్రాలీలో వడగాలికి ఎండిపోతాయి. దిగిన వెంటనే కుండీ మార్చకండి. కొన్ని ఆకులు రాలినా కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి. మనీప్లాంట్ మొత్తం మోసుకెళ్లలేకపోతే కణుపు ఉన్న ముక్క ఒకటి తుంచి నీళ్ల సీసాలో వేస్తే చాలు, రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి.

హైదరాబాద్ నుంచి మన వైపు వచ్చేవాళ్లకు ఒక విషయం తెలియదు. ఇక్కడికి రాగానే డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు గోధుమరంగులోకి మారితే, ఎండ తగిలిందనుకుని నీళ్లు మరింత పోస్తారు. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా అందుకు కారణం కావచ్చు. మనుషుల ఎముకలు వంచిన ఆ నీళ్లకు ఈ మొక్కలు కూడా తట్టుకోలేవు. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోయాలి.

మొక్కలు ఎక్కడ ఇవ్వాలో, ఏ రోజుల్లో తీసుకుంటారో రోజూ పొద్దున గల్లీల్లో తిరిగే చెత్త ఆటో మైకులోనే చెప్పించవచ్చు. వచ్చే మే మొదటి వారానికి ఒక్క నర్సరీలోనైనా ఈ ఏర్పాటు చేయాలని మున్సిపల్ కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, రామగిరి, నల్లగొండ