లేపాక్షిలో ఒక అద్దం పెట్టించండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఈ సంక్రాంతి సెలవుల్లో మా అమ్మ లేపాక్షి గుడిలో నేల మీద వెల్లకిలా పడుకుంది. కళ్లు తిరిగి కాదు, పైకప్పు చూడ్డానికి. పట్టుమని రెండు నిమిషాలు కాకముందే అక్కడ కాపలా ఉన్న అబ్బాయి వచ్చి "అవ్వా, లెయ్యి లెయ్యి, ఈడ పండుకోగూడదు" అని లేపేశాడు. మంచి పిల్లాడే, చెయ్యి పట్టి మరీ లేపాడు. ఎవరైనా పడుకుంటే లేపమనే అతనికి చెప్పి ఉంటారు. అతని మీద ఫిర్యాదుగా ఈ ఉత్తరం రాయడం లేదు. అమ్మకి ఆ పని ఎందుకు చేయాల్సి వచ్చిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

మాది ధర్మవరం. అమ్మ ముప్ఫై ఎనిమిదేళ్లు గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసింది. మోకాళ్లు మొరాయించాక మానేసింది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ధర్మవరం చీర గురించి ఎవరు మాట్లాడినా లేపాక్షి మాట రాక మానదు. అక్కడి స్తంభాల మీది లతలు, పైకప్పు బొమ్మల్లోని అంచులు మా చీరల్లోకి దిగాయని చెబుతారు. అమ్మకి మాత్రం లేపాక్షి అంటే మగ్గానికి డిజైన్ అందించే జకార్డు అట్టల మీది చిల్లులే. "ఇది లేపాక్షి డిజైన్" అని సేటు చెప్పేవాడు, ఆమె నేసేది. వంద కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉన్న ఊరికి అరవై నాలుగేళ్ల వయసులో మొదటిసారి వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా అంటే, "మగ్గానికి ఆదివారం యాడుందిరా?" అంది.

ఊళ్లోకి రాగానే బసవన్న కనిపించాడు. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, అంతా ఒకే రాయి. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతుంటే అమ్మ వెనక్కి వెళ్లి, వీపు మీద చెక్కిన గంటల పట్టెడ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో చూసి వచ్చింది. అతుకు కనిపించలేదట. నేతవాళ్లకి అతుకు వెతకడం ఒక జబ్బు.

గుడి లోపల నాట్యమండపంలో జనమంతా ఒక్కచోటే మూగి ఉన్నారు, వేలాడే స్తంభం దగ్గర. 70 స్తంభాల్లో ఆ ఒక్కటే నేలకి పూర్తిగా ఆనకుండా నిలబడింది. ఒక మూల మాత్రం తగులుతుంది, మిగతా అడుగంతా సన్నటి సందు. ఆ సందులోంచి తువ్వాలు ఒకవైపు దూర్చి రెండోవైపు లాగితే మంచి జరుగుతుందని నమ్మకం. ఎవరో తెల్లదొర ఇంజినీరు గుట్టు తేల్చుకుందామని స్తంభాన్ని కదపబోతే మండపమంతా కదిలిందని గైడు చెప్పాడు. చున్నీ, కర్చీఫ్, చంటిపిల్ల టోపీ, ఒకాయనైతే బ్యాంకు పాస్‌బుక్ కూడా దూర్చి తీశాడు. అమ్మ కూడా కొంగు దూర్చింది. నేనూ దూర్చాను, అబద్ధమెందుకు.

మంత్రి గారూ, అంతమందీ వంగి నేలని చూస్తున్నారు. అసలు సంగతి వాళ్ల నెత్తి మీద ఉంది.

కొంగు బయటికి లాక్కుని నడుం పట్టుకుని లేస్తూ, అమ్మ అనుకోకుండా పైకి చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. "ఇది గళ్ల చీర కదరా" అంది. ఆ తర్వాత అరగంట నా చెయ్యి పట్టుకుని మండపమంతా తిప్పింది, తల పైకెత్తి, ఎవరెవరి కాళ్లో తొక్కుతూ.

అచ్యుతదేవరాయలి కాలంలో, 1530ల్లో, విజయనగర కొలువులో ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారని మనం చదువుకున్నాం. పైకప్పుకి సున్నపు పూత వేసి, దాని మీద పొడుగు పట్టీలుగా కథలన్నీ వేయించారు. పార్వతి పెళ్లి అలంకారం, శివపార్వతుల పాచికలాట, కిరాతార్జునీయం పంది వేట, దూడ చచ్చిపోతే తల్లి ఆవు వెళ్లి రాజుగారి గంట కొట్టిన కథ. మర్రాకు మీద పడుకున్న చిన్ని కృష్ణుడు ఎటు నడిస్తే అటు చూస్తాడట. కథలు అమ్మకి అన్నీ తెలుసు, అందుకని వాటి దగ్గర ఆగలేదు. ఆమె చూసింది బట్టలు.

ఒక ఆడమనిషి కట్టిన చీరకి అడ్డచారలు, పక్కామెకి గళ్లు, ఆ పక్కామెకి చిన్న బుటాలు. వరసలో ఏ ఇద్దరూ ఒకే చీర కట్టలేదు. కొంగులు గంజి పెట్టినట్టు మొనదేలి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. "ఇది పేకలో వచ్చే చార కాదురా, పడుగులోనే రంగు మార్చినారు" అంది ఒకచోట. పేక అంటే అడ్డపోగు, పడుగు అంటే నిలువుపోగు. నాకు ఎర్రగీత తప్ప ఏమీ కనిపించలేదు. మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు ఉన్నాయి. గుడి కట్టించిన అన్నదమ్ములు కూడా పరివారంతో సహా అవే పెట్టుకుని దేవుడి ముందు నిలబడి ఉన్నారు. ఆ కుళ్లాయిల మీద పూల డిజైను చూసి, "ఇది నేత కాదు, కుట్టుపని" అని తేల్చేసింది. "ఇన్ని రంగులేసినోడికి నీలం దొరకలేదా?" అని అడిగింది. అప్పుడు చూస్తే నిజమే, ఎర్రమట్టి, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ, అంతే. నీలం నాకూ ఎక్కడా కనబడలేదు. ఇంజినీరింగ్‌లో ఉండగా రెండుసార్లు స్నేహితులతో వచ్చాను ఈ గుడికి. ఒక్కసారి కూడా నాకు తట్టని ప్రశ్న అది.

అరగంటకి మెడ పట్టేసింది. నలభై ఏళ్లు మగ్గం మీదికి వంగిన మెడ, పైకి ఎంతసేపని లేస్తుంది? స్తంభానికి ఆనుకుని చూసింది, కుదరలేదు. అప్పుడు పడుకుంది. పడుకునే ముందు గర్భగుడి ఎటుందో చూసుకుని, దేవుడి వైపు కాళ్లు రాకుండా పక్కకి తిరిగి, చీర సర్దుకుని మరీ పడుకుంది. ఆ రెండు నిమిషాల్లో ఆమె మొహం ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు.

రెండేళ్ల కిందట కంపెనీ పని మీద లండన్‌లో మూడు నెలలున్నాను. ఒక ఆదివారం గ్రీనిచ్‌లో పెయింటెడ్ హాల్ అనే చోటికి వెళ్లాను. వయసుడిగిన నావికుల కోసం కట్టిన భోజనశాల అది. జేమ్స్ థార్న్‌హిల్ అనే చిత్రకారుడు 1707లో మొదలుపెట్టి 1726 దాకా గోడలూ పైకప్పూ వేశాడు. 2019లో దాన్ని బాగుచేసి మళ్లీ తెరిచినప్పుడు జనం పడుకుని చూడ్డానికి మధ్యలో పరుపు బల్లలు వేశారు. నేను టికెట్ కొనుక్కుని వెళ్లి, బూట్లు పక్కన పెట్టుకుని, ఆ బల్ల మీద ఇరవై నిమిషాలు పడుకున్నాను. నన్నెవరూ లేపలేదు. లేపాక్షి బొమ్మలు వాటికంటే నూట డెబ్భై ఏళ్లు పెద్దవి. వాటిని చూడ్డానికి పడుకున్న మా అమ్మని లేపారు. ఇంటికి తిరిగొచ్చే దారంతా నాకు ఇదే గుచ్చుకుంటూ ఉంది.

లేపాక్షిలో పరుపులు వేయమని అడగను. అది గుడి, పూజలు జరుగుతాయి. మనవాళ్లు పడుకోరు, ఎవరైనా పడుకుంటే పక్కవాళ్లు ఒప్పుకోరు, అది నాకు తెలుసు. కానీ ఆ పైకప్పు మీదే ద్రౌపది స్వయంవరం ఉంది. అర్జునుడు విల్లెక్కుపెట్టి ఉన్నాడు. పైన తిరిగే చేపని కింద నీళ్లలో చూసి కొట్టాడని కదా మనం చెప్పుకునే కథ? మాకూ ఆ ఏర్పాటే కావాలి. నడుమెత్తు బల్ల, దాని మీద పెద్ద అద్దం, కింద రబ్బరు చక్రాలు. బల్లని ఏ బొమ్మ కిందికి తోస్తే ఆ బొమ్మ అద్దంలోకి దిగుతుంది. ముసలివాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, బడిపిల్లలు, ఎవరైనా తల వంచి చూడొచ్చు. వంగి చూడడం ఎలాగూ అందరికీ అలవాటే, వేలాడే స్తంభం దగ్గర చూశాను కదా. అద్దంలో కుడి ఎడమ తారుమారై అర్జునుడు ఎడంచేత్తో కొడుతున్నట్టు కనిపిస్తాడు. సవ్యసాచి కాబట్టి ఫర్వాలేదు.

అది కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం, మీరు ఒక్కరూ సంతకం పెడితే అయ్యే పని కాదని మీ కార్యాలయం నుంచి జవాబు రావచ్చు. గోడకి మేకు కొట్టాలంటే అనుమతులు కావాలి, అది న్యాయమే. చక్రాల బల్లకి మేకు అక్కర్లేదు. సాయంత్రం గుడి మూసేటప్పుడు తోసుకెళ్లి ఒక మూల పెట్టేయొచ్చు. నాలుగు అద్దాల ఖర్చు ఎంతవుతుందో బెంగళూరులో కనుక్కున్నాను. ఆ అంకె ఇక్కడ రాస్తే మీకే నవ్వొస్తుంది, అందుకని రాయడం లేదు.

అద్దంతో పాటు వెలుతురు సంగతి కూడా చూడాలి. మండపం లోపల మసకగా ఉంటుంది. జనం ఫోన్ టార్చి వేసి పైకి కొడుతున్నారు, ఫ్లాష్‌తో ఫొటోలు తీస్తున్నారు. ఇప్పటికే కొన్ని చోట్ల రంగు రాలి సున్నం బయటపడింది, ఒకామెకి చీర ఉంది, మొహం లేదు. వేడి చేయని చిన్న దీపాలు ఎక్కడ పెడితే రంగుకి హాని ఉండదో చెప్పగలిగినవాళ్లు మన దేశంలో ఉన్నారు. వాళ్లని పిలిచి అడగాలి, ఆలోగా ఫ్లాష్ ఆపించాలి.

2022లో లేపాక్షి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఆ జాబితాలో వీరభద్రాలయం, ఏకశిలా నంది అని రాసి, పక్కన విజయనగర శిల్ప, చిత్రకళా సంప్రదాయం అని కూడా రాశారు. చిత్రకళ అన్న మాట పేరులోనే ఉంది. రేపు పరిశీలకులు ఎవరైనా వస్తే వాళ్లూ మెడ పట్టేసుకునే వెళ్లాలా?

బొమ్మలు చూశాక మిగతా గుడి గబగబా తిరిగాం. ఏడు పడగల నాగేంద్రుడు, కల్యాణమండపం. గోడ మీది రెండు ఎర్రమరకలు చూపించి గైడు విరూపణ్ణ కథ చెప్పాడు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజుకి కోపమొస్తే, శిక్ష పడేలోగా తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడట. అందుకే కల్యాణమండపం సగంలో ఆగిపోయిందంటారు. అమ్మ ఆ మరకల వైపు చూడనే లేదు, రక్తం కథలు ఆమెకి పడవు. లతామండపంలో మాత్రం ప్రతి స్తంభాన్నీ చేత్తో తడుముతూ "ఇది నేసినా... ఇది నేసినా... ఇది నాకు రాలేదు" అంటూ పోయింది. బయట రాతినేల మీద గుండ్రంగా గుంటలు గుంటలుగా చెక్కిన పళ్లేలు ఉన్నాయి. కూలీలు అన్నం తిన్న కంచాలని కొందరంటారు, చిత్రకారులు రంగులు కలుపుకున్నారని కొందరంటారు. అమ్మ వేలుతో గుంట లోతు చూసి, "పప్పు పోసుకునే లోతు లేదు, రంగుకే" అంది. తీర్పు ఇచ్చేసింది కాబట్టి నేను వాదించలేదు.

ఇంకొక్క కోరిక ఉంది, నేతవాళ్ల తరఫున. ఆ పైకప్పు మీద ఉన్న ప్రతి చీరనీ, ప్రతి అంచునీ, ప్రతి కుళ్లాయినీ దగ్గరగా, స్పష్టంగా ఫొటోలు తీయించి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెట్టించండి. పండితులకి పుస్తకాలున్నాయి. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్నవాడికి దొరికేది మాత్రం ఎవరో గీసినదాన్ని చూసి మరొకరు గీసిన గ్రాఫు. ఐదు వందల ఏళ్ల కిందటి గళ్ల చీర అసలు రూపం నేసేవాడి చేతిలో ఉండాలి. మరమగ్గాల వాళ్లు ఎత్తుకుపోతారేమో అని నేనే ఒక మాట అన్నాను. "ఇప్పుడు ఎత్తుకపోనిది ఏముందిరా? మా దగ్గరా ఉంటే మేమూ నేస్తాం గదా" అంది అమ్మ.

ఇంటికొచ్చాక ఆమె రోజూ నా ఫోన్ అడిగి తీసుకుని, గుడిలో నేను తీసిన ఫొటోలు చూస్తోంది. పాచికలాట దగ్గర నిలబడ్డ చెలికత్తె చీర అంచు కావాలట. పిల్లల లెక్కల నోటుబుక్కులో పెన్సిల్‌తో గళ్లు గీసుకుని పోగులు లెక్కపెడుతోంది. పదకొండు దాకా వచ్చింది. ఆ తర్వాత వేళ్లతో ఫొటో ఎంత పెద్దది చేసినా మసకే. "పన్నెండోది ఎరుపా నలుపా, నువ్వన్నా చెప్పు" అని అడుగుతోంది. మీరు అద్దం పెట్టించిన మర్నాడే తీసుకెళ్తానని చెప్పాను.

ఇట్లు,
ధర్మవరం నేతవాళ్ల ఇంటి పిల్లవాడు