పొన్న మొక్కలు వచ్చాయి, కానీ అందరికీ ఇవ్వలేం

నమస్తే అండీ. భీమిలి వైపు సముద్రం పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లు చాలామంది "ఉప్పుగాలికి మాడిపోని చెట్టు ఏదైనా ఉందా" అని అడుగుతున్నారు. ఉంది, పొన్న. ఈ వానలకు మా నర్సరీలో మొక్కలు సిద్ధం. కొనేముందు ఇది చదవండి.

ముందు రేటు సంగతి. కానుగ మొక్క 60 రూపాయలైతే పొన్న 180. కాయలోని గింజకు గట్టి పెంకు ఉంటుంది. అలాగే నాటితే మొలకకు దాదాపు రెండు నెలలు. పెంకు ఒలిస్తే మూడు వారాల్లో వస్తుంది, కానీ లోపలి పప్పు చితికిందా, ఆ గింజ పోయినట్టే. అందుకే ఒక్కొక్కటీ చేత్తో ఒలుస్తాం. మొలిచాక కూడా నిదానంగానే పెరుగుతుంది. రెండేళ్లలో నీడ కావాలంటే దీని జోలికి రాకండి.

ఓపిక ఉంటే ఇంతకన్నా మంచి చెట్టు నేను చెప్పలేను. ఒడ్డు ఇసుకలోనే పుట్టి పెరిగే జాతి. మందపాటి ఆకులు ఏడాదంతా నిగనిగలాడతాయి, తెల్లటి పూలు మంచి వాసన. (గుళ్లో పొన్నవాహనం చూసినవాళ్లు చాలామందే, చెట్టు చూసినవాళ్లే తక్కువ!)

అయితే పెద్దయ్యాక కొమ్మలు బాగా పక్కలకు చాస్తుంది. గోడకు కనీసం 20 అడుగుల దూరం కావాలి. 150 గజాల్లో ఇల్లున్నవాళ్లకు మేం అమ్మం. గంగరావి తీసుకోండి, అదీ ఉప్పుగాలికి ఆగుతుంది, త్వరగా ఎదుగుతుంది. కారు పెట్టేచోట మాత్రం పొన్న వద్దు, గట్టి కాయలు రాలతాయి. ఆ కాయలు తినేవి కావు, కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడకూడదు. పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

ఉప్పును తట్టుకుంటుంది కదా అని లేత మొక్కకు ఉప్పుబోరు నీళ్లు పోయకండి. మొదటి ఏడాది మంచినీళ్లే. గాలి బాగా వీచిన మర్నాడు ఆకులు కూడా కడగండి.

హుద్‌హుద్ చూసినవాళ్లు "తుఫానుకు పడని చెట్టు ఇవ్వండి" అంటారు. ఆ గ్యారంటీ ఏ చెట్టుకూ ఇవ్వం.

ఈసారి ఇంటికి రెండే మొక్కలు. ఆర్డర్‌తో పాటు నాటే స్థలం ఫొటో పంపండి, సరిపోతుందో లేదో చూసి చెబుతాం. విశాఖలో డెలివరీ శని, ఆదివారాల్లో.