ఎండతో నీటి శుద్ధి: సంతకం పెట్టే ముందు ఒక్క మాట

తాగునీటి విభాగం ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. నీటిలోని పురుగుమందులను ఎండతో విరగ్గొట్టే ప్లాంటు ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే, ముందు ఈ నాలుగు ముక్కలు చదవండి.

ఇది గారడీ కాదు. గోడల రంగుల్లో వాడే తెల్లపొడి, టైటానియం డయాక్సైడే ఇందులో ఉత్ప్రేరకం. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్స్ (దేనితోనైనా ఇట్టే చర్య జరిపే చురుకైన కణాలు) పుట్టి, దొరికిన సేంద్రియ అణువునల్లా కొరికేస్తాయి. పొడి మాత్రం ఖర్చవదు.

చిక్కల్లా కాంతితోనే. ఈ పొడికి పనికొచ్చేది సుమారు 388 నానోమీటర్ల లోపు కాంతి. నేలకు చేరే ఎండలో అది 5 శాతం దాకానే. బురద నీళ్లయితే అదీ లోపలికి పోదు. గాజు సీసాలో చిటికెడు పొడి కలిపి చూడండి: నీళ్లు పల్చటి పాలలా మారి, గంటలు గడిచినా తేటపడవు. దాన్ని మళ్లీ వడకట్టడం వేరే తలనొప్పి. పని కాస్త నిదానమైనా గాజు మీద పూత పూసిన రకమే నయమని నా అభిప్రాయం.

అసలు సంగతికొస్తాను. ‘మందు మాయమైంది’ అనే రిపోర్టుతో సరిపెట్టుకోకండి. మలాథియాన్ అనే పురుగుమందు విరిగే దారిలో మలాక్సాన్ అవుతుంది, అది అసలు మందుకన్నా విషం. అట్రజిన్ అనే కలుపుమందు పూర్తిగా విరగక సయనూరిక్ ఆమ్లం దగ్గర ఆగిపోతుంది (అది కాస్త సాధువే లెండి). అందుకే మొత్తం సేంద్రియ కార్బన్ (మందూ, దాని ముక్కలూ కలిపి నీటిలో మిగిలిన సేంద్రియ పదార్థాల లెక్క) ఎంత తగ్గిందో కొలవాలనీ, మబ్బు పట్టిన రోజున, అసలు వాడబోయే నీటితోనే పరీక్షించాలనీ టెండర్‌లో రాయించండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ టీచర్