చేప ఒక్కటే చాలదు, నాచునూ పరీక్షించండి

సంపాదకులకు,

పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ చెరువులోనైనా చేపలు చచ్చి తేలితే జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, అధికారులు సీసాల్లో నీళ్లు పట్టుకెళతారు. అవే నీళ్లలో నీలి ఆకుపచ్చ నాచు చచ్చిపోతే అడిగే నాథుడుండడు. సంగారెడ్డిలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కనుక, దాని తరఫున నాలుగు మాటలు.

నాట్లేసిన మడిలో జిగటగా తేలే నాచులో నాస్టాక్, అనబీనా ఉంటాయి. మైక్రోస్కోపు కింద పూసల దండల్లా కనిపిస్తాయి. మధ్యమధ్య కాస్త లావుగా, తేటగా ఉండే పూసే గాలిలోని నత్రజనిని పట్టేది. కానీ దాని తిండి అది తయారుచేసుకోలేదు. పక్క పూసలు ఎండలో చేసిన చక్కెర అందితేనే దాని పని సాగుతుంది. ఫ్యాక్టరీల వ్యర్థజలంతో వచ్చే రాగి, కాడ్మియం, పాదరసం మోతాదు మించితే దెబ్బతినేది ఆ చక్కెర తయారీయే. నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలే ఫోటోసిస్టమ్-2 ముందు మొరాయిస్తుంది. పత్రహరితంలో మెగ్నీషియం ఉండాల్సిన చోట ఈ లోహాలు దూరతాయి. వెలుతురును పట్టే నీలిరంగు ప్రొటీన్లు చెడి నాచు పాలిపోతుంది. తిండి లేక నత్రజని పనీ ఆగుతుంది. ఆ లోటు రైతు యూరియా బస్తాతో పూడ్చుకోవాలి.

ప్రాక్టికల్స్‌లో నాచున్న బీకరును కిటికీ ఎండలో పెట్టి, బుడగలు వస్తుండగా చిటికెడు మైలుతుత్తం వేసేవాణ్ని. పీరియడ్ అయ్యేలోపే బుడగలు తగ్గేవి. అందులో ఉన్నది రాగే.

1986 నాటి పర్యావరణ నియమాల ప్రకారం వాగులోకి వదిలే వ్యర్థజలంలో లీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా రాగి ఉండొచ్చు. నీటి వనరుల్లో నాచును చంపడానికి మైలుతుత్తం వేసేటప్పుడు లీటరుకు ఒక మిల్లీగ్రాములోపు రాగి చాలు! వాగులో కలిశాక పలచబడుతుంది కదా అంటారు. వానాకాలం సరే, ఎండాకాలంలో మా పటాన్‌చెరు దగ్గరి నక్కవాగుకు మంచినీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?

అవే నియమాల్లో జీవపరీక్ష కూడా ఉంది. వ్యర్థజలంలో వదిలిన చేపల్లో 96 గంటల తర్వాత నూటికి 90 బతికుంటే పాస్. చేపకు కిరణజన్య సంయోగక్రియతో ఏం పని? అనబీనాతోనూ చేయగల నాచు పెరుగుదల పరీక్షను ఓఈసీడీ అనే దేశాల కూటమి ఎప్పుడో ప్రామాణికం చేసింది, 72 గంటల్లో ఫలితం తేలిపోతుంది. కాలుష్య నియంత్రణ మండలి చేప పరీక్షతో పాటు దీన్నీ చేయించాలి. మొదట మా జిల్లాలోనే, అదీ వచ్చే ఎండాకాలంలోపు.

— రిటైర్డ్ వృక్షశాస్త్ర అధ్యాపకుడు, సంగారెడ్డి