క్యూబాలో ఎవరు వెనక్కి తగ్గారు?

సంపాదకులకు,

మొన్న ఆదివారం సంచికలో క్యూబా క్షిపణుల సంక్షోభం గురించి, అంటే 1962లో సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్లిన గొడవ గురించి, వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా అధ్యక్షుడు కెనెడీ గద్దించాడు, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ తోక ముడిచాడు అన్నట్టుంది అందులో. మా స్కూలు రోజుల నుంచీ వింటున్న కథే. కానీ సగమే నిజం.

1962 అక్టోబరు 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి డోబ్రినిన్‌తో మాట్లాడారు. మీరు క్యూబాలో క్షిపణులు తీసేయండి, టర్కీలో మేం పెట్టిన జూపిటర్ క్షిపణులు కొన్ని నెలల్లో తీసేస్తాం, ఈ మాట మాత్రం బయటికి పొక్కకూడదు అన్నది సారాంశం. మర్నాడే క్యూబా నుంచి క్షిపణులు తీసేస్తామని క్రుశ్చేవ్ ప్రకటన వచ్చింది. 1963 ఏప్రిల్ కల్లా టర్కీలోని జూపిటర్లు చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాయి. అంటే జరిగింది బేరం! అది గుట్టుగా ఉండిపోవడంతో క్రుశ్చేవ్‌కి ఓడిపోయాడన్న పేరు మిగిలింది. 1964లో ఆయన పదవి పోవడానికి అదీ ఒక కారణం. ఇక క్యూబా నాయకుడు క్యాస్ట్రోనైతే ఎవరూ అడగనే లేదు, తన దేశంలో పెట్టిన క్షిపణులే అయినా.

ఇంకొకటి. వ్యాసంతో వేసిన బొమ్మలో ఎర్ర టెలిఫోన్ ఉంది. 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా సంప్రదించుకోవడానికి పెట్టిన హాట్‌లైన్‌లో ఫోనే లేదు, ఉన్నవి రాత సందేశాలు పంపే టెలిప్రింటర్లు. నోటి మాటలో అపార్థాలు వస్తాయని, రాతలోనైతే ఆలోచించుకునే టైమ్ ఉంటుందని అలా పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్టోబరు 20న, చైనా మన సరిహద్దు మీద పడింది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు 1962 అంటే అదే గుర్తు. క్యూబా సగం కథ ఇక్కడ ఇన్నాళ్లు చెల్లుబాటైంది అందుకే కాబోలు.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి