పాత పాటలతో పాటు వాటి వివరాలనూ కాపాడుకోవాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

గత నెలలో ఒక ఆదివారం విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్లు కొనే దుకాణంలో రెండు గోనె సంచుల నిండా క్యాసెట్లు చూశాను. ప్లాస్టిక్ కింద తూకానికి కొన్న దుకాణదారు వాటి అట్టలను విడదీసి చిత్తుకాగితాల్లో వేశారు. ఒక అట్ట చేతిలోకి తీసుకుంటే సినిమా పేరు, పాటల మొదటి మాటలు, రాసినవారు, పాడినవారు, సంగీతం సమకూర్చినవారు, అన్నీ అచ్చయి ఉన్నాయి. పక్కన ఎవరో నీలిసిరాతో ఏ పాట ఎన్ని నిమిషాలు వస్తుందో కూడా శ్రద్ధగా రాసుకున్నారు. ఏ అట్ట ఏ క్యాసెట్టుదో ఇక ఎవరూ చెప్పలేరు. ఎం.వి.పి. కాలనీలో తొమ్మిదేళ్లుగా ఇండోర్ సైక్లింగ్ తరగతులు నడుపుతూ, వాటికి తగిన పాత తెలుగు పాటలు వెతకడానికే ఎన్నో సాయంత్రాలు వెచ్చిస్తున్న నాకు ఆ కుప్ప చూసి కడుపు తరుక్కుపోయింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ వ్యాయామం తెలియని పాఠకుల కోసం కొంత చెప్పాలి. ఒక గదిలో కదలని సైకిళ్లు వరుసగా ఉంటాయి. ముందున్న బరువైన చక్రం ఒకసారి ఊపందుకుంటే కాళ్లను తనతో లాక్కుపోతుంది. చేతికి అందే మరను బిగిస్తే ఎత్తు ఎక్కుతున్నంత బరువు తెలుస్తుంది. 1990ల్లో అమెరికా జిమ్‌ల నుంచి ప్రపంచమంతా పాకిన ఈ తరగతిలో శిక్షకురాలి కేకకన్నా పాటే ఎక్కువ పని చేస్తుంది. చదును దారి అనుకున్నప్పుడు నిమిషానికి 80 నుంచి 110 చుట్లు, ఎత్తు ఎక్కేటప్పుడు 60 నుంచి 80 చుట్లు తొక్కించడం మా వృత్తిలో వాడుక. బిగింపు లేకుండా అంతకు మించిన వేగంతో తొక్కితే మనిషి సీటు మీద ఎగిరెగిరి పడతాడు, మోకాళ్లకూ నడుముకూ అది మంచిది కాదు.

మొదటి రెండేళ్లు నేనూ అందరిలాగే కొత్త పాటలే వేశాను. మా ఉదయం ఆరు గంటల తరగతికి వచ్చేవారిలో ఎక్కువమంది పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో పనిచేసి విరమించినవారు, ఉపాధ్యాయినులు, గృహిణులు. మే నెల ఉక్కపోతలో బీచ్ రోడ్డు మీద నడవలేక ఈ గదికి వచ్చినవారే చాలామంది. ఒక రోజు అరవై మూడేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు తరగతి ముగిశాక నా దగ్గరకు వచ్చి, "అమ్మా, ఈ పాటల్లో మోత ఉంది గానీ కాలు ఎక్కడ వేయాలో తెలియడం లేదు" అన్నారు. మరునాడు మా నాన్నగారి క్యాసెట్లలోంచి 1960ల నాటి యుగళగీతం ఒకటి వేశాను. నేను లెక్క చెప్పడం మొదలుపెట్టకముందే పద్నాలుగు సైకిళ్ల మీదా కాళ్లు ఒకే వరసలో తిరిగాయి.

దానికి కారణం ఆ పాటల అల్లికలోనే ఉందని తరవాత అర్థమైంది. తబలా, ఢోలక్ దెబ్బ గొంతుకు అడ్డు రాకుండా, అలాగని గొంతు కింద మరుగున పడకుండా విడిగా వినిపిస్తుంది. పల్లవి, వాద్యసంగీతం, చరణం, మళ్లీ పల్లవి అనే వరస మనవాళ్ల చెవులకు చిన్ననాటి నుంచీ అలవాటు. అందువల్ల పల్లవిలో కూర్చుని తొక్కడం, వాద్యసంగీతంలో లేచి నిలబడడం, చరణం ఎత్తుకోగానే మరను పావు చుట్టు బిగించడం అని ఒకసారి చెబితే చాలు, తరవాతి మలుపు ఎప్పుడు వస్తుందో వారికే తెలిసిపోతుంది. దరువు లేకుండా సాగే సాకీ ఉన్న పాటయితే ఆ సాకీ సాగినంతసేపూ ఒళ్లు వేడెక్కడానికి నెమ్మదిగా తొక్కిస్తాను. మూడేసి మాత్రల (తాళంలోని చిన్న లెక్కల) నడకలో ఊగే పాటలు, అంటే తిశ్ర గతివి, ఈ పనికి ఎంతో అనువైనవి: కుడి కాలికి ఒక మూడు, ఎడమ కాలికి ఒక మూడు. ఖండ గతి పాటలను మాత్రం పెడల్‌కు వాడను. ఐదు మాత్రలు రెండూ మూడుగా విరుగుతాయి కనుక రెండు కాళ్లకూ సమానంగా పంచలేం. అవి చివర్లో ఒళ్లు సాగదీసే వేళకు బాగుంటాయి.

ఏ పాట ఎంత వేగంతో నడుస్తుందో తెలుసుకోవడానికి గడియారం ఒకటి చాలు. 15 సెకన్లలో ఎన్ని దరువులు పడ్డాయో లెక్కించి నాలుగుతో హెచ్చవేయాలి. దరువుకు ఒక పూర్తి చుట్టు చొప్పున తొక్కితే 85 దరువుల పాట 85 చుట్లు ఇస్తుంది. దరువుకు ఒక కాలు చొప్పున వేస్తే 170 దరువుల పాట కూడా అవే 85 చుట్లు ఇస్తుంది. ఫోన్‌లో దొరికే యాప్‌లు పాత పాటల దగ్గర తరచు సగమో రెట్టింపో చూపిస్తాయి కనుక చేతి లెక్కే నమ్మకం. పైగా వాద్యబృందమంతా ఒకేచోట కూర్చుని వాయించిన రోజుల పాటలు మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో ఉండవు. పల్లవిలో 88గా మొదలైనది ఆఖరి చరణానికి 91 కావడం నేను చాలాసార్లు చూశాను. ఈ తేడాను నేను లోపంగా భావించను. అలసట వచ్చే సమయానికి పాటే మనిషిని కొద్దిగా ముందుకు నెడుతుంది.

కష్టమంతా ఆ పాటను పట్టుకోవడంలో ఉంది. ఆన్‌లైన్‌లో పాట పేరు ఇంగ్లిషు అక్షరాల్లో పదిమంది పది రకాలుగా రాస్తారు. ఒకే పేరుతో వచ్చిన సినిమాలు కలిసిపోతాయి. "దేవదాసు" పేరుతోనే 1953లో, 1974లో, 2006లో మూడు సినిమాలు వచ్చాయి. అసలు గాయకుల గొంతు అనుకుని తెరిస్తే వేరెవరో మళ్లీ పాడినదో, కొత్త డ్రమ్ములు కలిపిన రీమిక్సో వస్తుంది. పక్కన చూపించే సంవత్సరం చాలాసార్లు పాట విడుదలైనది కాదు, ఆ పాటల సంపుటిని కంపెనీ తిరిగి వెలువరించినది. నిడివిలోనూ తేడాలుంటాయి. 78 వేగపు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది కనుక సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవచ్చు. పద్నాలుగు మంది మూడో చరణం కోసం మర బిగించుకుని ఉండగా పాట ఆగిపోతే తరగతి అక్కడే తెగిపోతుంది.

ఈ చిక్కులన్నీ విడగొట్టగలిగేది ఆ క్యాసెట్టు అట్టలు, రికార్డుల మీది చీటీలు, ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలే. ఆ పలచని పుస్తకంలో పాట సాహిత్యం పూర్తిగా ఉంటుంది కనుక ఎన్ని చరణాలు ఉండాలో తెలుస్తుంది. నేను వీటి ఆధారంతోనే ఇప్పటికి 180 పాటల వివరాలు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

మన ఊరి గాలి ఈ వస్తువులకు పగ. సముద్రపు తేమకు టేపు మీద బూజు పడుతుంది; బూజు పట్టిన టేపును ప్లేయరులో పెడితే అది యంత్రానికి అంటుకుని ఆ తరవాత పెట్టే మంచి టేపులకూ చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి నాన్నగారి క్యాసెట్లు సగం తడిసిపోయాయి. టేపులు కొన్ని దక్కాయి గానీ అట్టల మీది సిరా కారిపోయింది. దక్కిన వాటిలో ఏది ఏ సినిమాలోదో తేల్చడానికి నాకు మూడేళ్లు పట్టింది. గ్రామఫోను రికార్డులు ఉన్నవారికి ఒక హెచ్చరిక: 78 వేగపు పాత రికార్డులు లక్కతో చేసినవి, స్పిరిటుతో తుడిస్తే పై పొర కరిగిపోతుంది. వాటి గాడి వెడల్పు కనుక తరవాత వచ్చిన ఎక్కువ నిడివి ఎల్.పి. రికార్డుల ముల్లుతో వాయించకూడదు.

ఒకసారి మంచి ప్రతి చేతికి వస్తే వాడుక సులభమే. ఒకే ఛానెల్‌లో రికార్డయినది కావడంతో గదిలో ఏ మూల సైకిలు వారికైనా పాట ఒకేలా వినిపిస్తుంది. పాత పాట పక్కన కొత్తది పెడితే శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది కనుక అన్నిటినీ ముందే ఒక మట్టానికి తెచ్చుకోవాలి. చాలా వ్యాయామశాలల్లో ఈ జాగ్రత్త కనిపించదు. వినికిడి నిపుణుల లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంటే.

చట్టం సంగతి తోటి శిక్షకులకు ప్రత్యేకంగా చెప్పాలి. పాత పాట కదా, ఎవరు అడుగుతారు అనే మాట తప్పు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు విడుదలైన సంవత్సరం తరవాత 60 ఏళ్లు ఉంటుంది. 1960లో వెలువడిన రికార్డుకు అది 2020 చివరితో తీరింది. సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు, వాటిని సృష్టించినవారు కన్నుమూసిన సంవత్సరం తరవాత 60 ఏళ్లు. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు కనుక ఆయన కట్టిన బాణీలకు 2034 చివరిదాకా రక్షణ ఉంది. పెళ్లి ఊరేగింపుకు చట్టం ఇచ్చిన మినహాయింపు, రుసుము తీసుకునే వ్యాయామశాలకు లేదు. సొంతంగా వినడానికి కట్టే యాప్ చందా కూడా దీనికి చెల్లదు. రచయితలు, స్వరకర్తల తరఫున ఐ.పి.ఆర్.ఎస్. లాంటి సంఘాలు ఇచ్చే అనుమతి తీసుకోవాలి. ఇక్కడ కూడా విడుదల సంవత్సరం, రచయిత పేరు తెలియనిదే ఏ హక్కు మిగిలి ఉందో తేల్చలేం.

ఈ సంపదలో చాలా భాగం మన చేరువలో పుట్టినదే. సాలూరు దగ్గరి శివరామపురం నుంచి సాలూరి రాజేశ్వరరావు వచ్చారు, ఘంటసాల, పి. సుశీల విజయనగరం సంగీత కళాశాలలో చదివారు. కనుక ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయం పాటల పుస్తకాలకూ క్యాసెట్టు అట్టలకూ ఒక బీరువా కేటాయించే విషయం ఆలోచించాలని కోరుతున్నాను. పాఠకుల్లో ఎవరి అటక మీదనైనా క్యాసెట్ల పెట్టె ఉంటే, దాన్ని వదిలించుకోక తప్పనప్పుడు కూడా, అట్టను రెండు వైపులా ఫోటో తీసి ఉంచమని విన్నపం.

మీ ఆదివారం సంచికలో వారానికి ఒక్క పాత పాటకు చిన్న చోటు ఇచ్చి సినిమా, సంవత్సరం, రచయిత, స్వరకర్త, గాయకులు, చరణాల సంఖ్య, నిమిషానికి దరువులు ప్రచురిస్తే మాలాంటివారికే కాక నాట్యం నేర్పేవారికీ, పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులకూ ఉపయోగపడుతుంది. మొదటి ఆరు నెలలకు సరిపడా వివరాలను నా నోటు పుస్తకంలోంచి రాసి పంపుతాను. తప్పులుంటే పాఠకులు దిద్దవచ్చు.

ఇట్లు,
ఒక ఇండోర్ సైక్లింగ్ శిక్షకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.